ఇంటిలో మొలచిన చదువు: పొణకా కనకమ్మగారి జీవితము

నెల్లూరు సీమలో పొణకా కనకమ్మగారి పేరు విననివారు అరుదు. కస్తూరిదేవి విద్యాలయమును నెలకొల్పిన విదుషీమణిగా, పల్లెపాడు ఆశ్రమమునకు అండగా నిలిచిన దాతగా, స్వరాజ్య సమరమున కారాగారమునకు వెళ్లిన దేశభక్తురాలిగా పెద్దలు ఆమెను తలచుకొందురు. ఈ ఘనకార్యములన్నింటికిని వెనుక అంతగా ఎవరును చెప్పుకొనని విషయమొకటి కలదు. ఆమె ఏ పాఠశాలలోను కూర్చుండి చదువలేదు. ఆమెకు అబ్బిన చదువంతయు ఇంటిలో అబ్బినదే. బిడ్డలుగల ప్రతి గృహస్థుడును, ప్రతి గృహిణియు మనసునకు పట్టించుకొనదగిన అంశమిది. గ్రామ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిండి రజతోత్సవము జరుపుకొను శుభసమయమున ఆ మహనీయురాలి జీవితమును ఈ దృష్టితో స్మరించుట సముచితము.

జననము, వివాహము

కనకమ్మగారు 1892 జూన్ 10వ తేదీన మినగల్లు గ్రామమున జన్మించిరి. తండ్రి మరుపూరు కొండారెడ్డిగారు, తల్లి కామమ్మగారు. వారిది పేరుగల వ్యవసాయ కుటుంబము. పెన్నానది నీటితో పండు మాగాణి భూములు, నిండిన ధాన్యపు కొట్లు, పాడిపశువులు, వచ్చిపోవు బంధువులు గల అట్టి ఇండ్లలో పిల్లలకు తిండికిని గుడ్డకును కొరత యుండెడిది కాదు. కొరత యున్నదల్లా ఒక్క విషయముననే. ఆడపిల్లకు చదువు కావలెనని తలచిన ఇండ్లు ఆనాడు వేళ్లమీద లెక్కింపదగినంత తక్కువ.

1901వ సంవత్సరపు జనాభా లెక్కలను బట్టి భారతదేశమున వేయిమంది స్త్రీలలో చదువను వ్రాయను వచ్చినవారు ఆరేడుగురు మాత్రమే. ఆ ఏట కనకమ్మగారికి తొమ్మిదేండ్లు. ఆ ప్రాయముననే ఆమెకు పొట్లపూడి గ్రామస్థులగు పొణకా సుబ్బరామిరెడ్డిగారితో వివాహమయ్యెను. ఆయన ఆమెకు మేనమామయే. బొమ్మలతో ఆడుకొను వయస్సున కోడలై పెద్ద ఇంటిలో అడుగిడిన బాలికకు బడి ఎక్కడిది? పలకా బలపములతో వీధి దాటి పోవుట ఎక్కడిది? వేయిమందిలో ఆ ఆరేడుగురి సరసకు చేరవలెనన్నచో ఆమెకు మిగిలిన దారి ఇల్లొక్కటే.

ఆనాటి చదువుల తీరు

ఇంటిచదువు దక్షిణదేశమునకు కొత్త గాదు. చెన్నపట్టణ రాజధానిలో ఎందరు బాలురు చదువుచున్నారో తెలిసికొనుటకు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో ప్రతి జిల్లా కలెక్టరునుండి లెక్కలు తెప్పించెను. వానిని పరిశీలించి 1826లో ఆయన వ్రాసిన నివేదికలో, రాజధాని మొత్తమున 12,498 బడులును, వానిలో 1,88,650 మంది విద్యార్థులును ఉన్నట్లు కలదు. అంతకంటె ఆశ్చర్యకరమైన లెక్క చెన్నపట్టణమునుండి వచ్చెను. ఆ నగరమున ఇంటివద్దనే తల్లిదండ్రులచేతగాని, బంధువులచేతగాని, ఇంటి ఉపాధ్యాయులచేతగాని చదువు నేర్చుకొనుచున్న పిల్లలు సుమారు 27 వేలమంది. బడులలో చదువువారికి ఇది దాదాపు ఐదు రెట్లు. ఈ సంఖ్యలో కొంత పొరపాటుండవచ్చునని మన్రోయే సందేహించెను. అయినను ఇంటిచదువు దేశమున విస్తారముగా నున్నదని మాత్రము ఆయన అంగీకరించెను. కాని బడులలోనున్న ఆ 1,88,650 మందిలో బాలికలు 4,540 మందియే. ఇల్లైనను బడియైనను చదువు మగపిల్లలదిగానే యుండెను.

ఆ చదువు ఎట్లుండెనో చెప్పినవారిలో మొదట పేర్కొనదగినవాడు వెన్నెలకంటి సుబ్బారావు. 1784లో జన్మించిన ఈయన ఒంగోలు ప్రాంతమువాడు. ఆ కాలమున ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే యుండెను. అనేక భాషలు నేర్చి, 1815 మొదలు 1829 వరకు చెన్నపట్టణపు సదరు అదాలతులో అనువాదకుడుగా పనిచేసెను. 1820లో చెన్నపట్టణమున పాఠ్యపుస్తకముల సంఘము ఏర్పడినప్పుడు దానిలో సభ్యుడై, దేశీయ పాఠశాలల స్థితిని గూర్చి ఒక నివేదిక సమర్పించెను. బాలురు కావ్యములను గడగడ వల్లించుచున్నారుగాని వాని అర్థమును ఎరుగరనియు, పలువురు ఉపాధ్యాయులకే ఆ అర్థము తెలియదనియు, ఏండ్లతరబడి చదివియు తాము చదివినదేమో చెప్పలేకున్నారనియు ఆయన సారాంశము. పిల్లలకు తెలియు భాషలో నీతికథలను సమకూర్చి పాఠములుగా చెప్పవలెనని ఆయన సూచించెను. ఈనాటికి రెండువందల యేండ్లు దాటినను ఆ మాట పాతబడలేదు.

ఆనాటి బాలుడు మొదట ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెడివాడు. పిదప గుణింతములు, ఒత్తులు, ఎక్కములు. ఆపైన శతకములు, నిఘంటువు. తెలుగు లిపిలో అక్షరములు పెక్కు. వాని గుణింతములను, జంటాక్షరములను లెక్కించినచో కంఠస్థము చేయవలసినది కొండంత యగును. ఈ కొండ నెక్కించువేళ కథ యను చల్లని నీడ ఎచ్చటను లేకుండుటచే పిల్లవాడు సగము దారిలోనే అలసిపోయెడివాడు. అక్షరము వచ్చినను చదువునందు ఆశ పుట్టెడిది కాదు. బడి మానిన మరునాటినుండి పుస్తకము ముట్టనివారు ఇట్లే తయారగుదురు.

ఇల్లే బడి

కనకమ్మగారి చదువు ఇందుకు భిన్నమైన త్రోవను నడచెను. ఇంటియందే స్వయంకృషితో ఆమె తెలుగు చదువ నేర్చిరి. తరువాత సంస్కృతమును, హిందీని కూడ అభ్యసించిరి. పరీక్షలు లేవు, పట్టములు లేవు, చదువకున్నచో కొట్టువారును లేరు. చదువుమని తరిమినవారు లేకున్నను చదువు సాగినదన్నచో, అందు ఆమెకు ఒక సుఖము దొరకినదని గ్రహింపవలెను.

ఆ సుఖమునకు ఆనాటి ఇండ్లలో ఒక ఆధారముండెడిది. తిక్కన సోమయాజి నివసించిన నెల్లూరు సీమలో భారతమును ఇంటింట గౌరవింతురు. వేసవి రాత్రులలో అరుగులమీద, కోతలు ముగిసిన పిదప రచ్చబండలవద్ద భారత భాగవత రామాయణములను ఒకరు రాగయుక్తముగా చదువగా, మరియొకరు అర్థము చెప్పుట తెలుగు పల్లెల ఆచారము. ప్రక్కన కూర్చున్న పిల్లలకు అక్షరమొక్కటియు రాకున్నను గజేంద్రుని మొర తెలియును, ద్రౌపది పరాభవము తెలియును, అభిమన్యుని మరణము తెలియును. నోముల వేళ స్త్రీలు చెప్పుకొను వ్రతకథలు, నిద్రకు ముందు అవ్వలు చెప్పు రాజుల కథలు వేరే యుండెడివి. ఇట్టి ఇంటిలో పెరిగిన బిడ్డకు అక్షరములు నేర్పుటతోనే పుస్తకము అపరిచితమైన వస్తువుగా తోచదు. తాను చెవితో వినిన కథయే కంటికి కనబడును. అర్థము ముందు వచ్చి కూర్చుండును. అక్షరము వెనుక వచ్చి దానిని కలిసికొనును. వెన్నెలకంటి సుబ్బారావు బడులలో లేదని చింతించినది ఇదియే.

అయితే ఇంటిచదువునకు ఇంకొక ముఖము కలదు. చదువు మొలవవలెనన్న ఇల్లే దానికి అడ్డుగోడయు కాగలదు. కోడలు పుస్తకము పట్టినచో పని చెడునను పెద్దలు, ఆడది చదివినచో ఇంటికి కీడని నమ్మిన వృద్ధులు ఆనాడు ఎందరో యుండిరి. తెలివిగల బాలికలు లక్షలకొలది అట్టి గోడల నడుమ అక్షరమెరుగకయే జీవితము గడపిరి. కనకమ్మగారు ఆ గోడను దాటిరి. దాటిన తరువాత వెనుదిరిగి, ఇతరులకు దారి తీయుటయే తన జీవిత కార్యముగా చేసికొనిరి. ఆమె చరిత్ర పూజనీయమగుట ఇందువలననే.

పొట్లపూడి గ్రంథాలయము

ఇరువదవ శతాబ్ది ఆరంభమున దేశమంతట వందేమాతరోద్యమము వ్యాపించెను. 1907లో బిపినచంద్రపాలుడు తెలుగుదేశమున పర్యటించి ఉపన్యాసములతో యువజనులను మేల్కొలిపెను. పొట్లపూడిలోని పొణకావారి ఇల్లు క్రమక్రమముగా దేశభక్తులకు ఆతిథ్యమిచ్చు నెలవయ్యెను. ఆ గ్రామముననే కనకమ్మగారు సుజనరంజనీ సమాజమును స్థాపించి సంఘసేవ నారంభించిరి. వివేకానందుని పేర గ్రంథాలయమును నెలకొల్పిరి. అంటరానితనమును లెక్కచేయక దళితవాడలకు పోయి సేవ చేసిరి. జమీందారీ మర్యాదలు, ఘోషా కట్టుబాట్లు బలముగా నున్న ఆ రోజులలో ఒక రైతుకుటుంబపు కోడలు ఇట్టి పనులకు పూనుకొనుట సామాన్యము గాదు.

చదువు తనకు అబ్బినంతనే ఊరికొక గ్రంథాలయము కావలెనని ఆమెకు తోచుట గమనింపదగినది. పుస్తకము కొనగల ఇండ్లు ఊరిలో రెండో మూడో యుండును. తక్కిన ఇండ్లకు పుస్తకము చేరవలెనన్నచో అది పదిమందిదిగా నుండవలెను. ఆ కాలమున తెలుగుదేశమున పలుచోట్ల ఈ భావమే పనిచేయుచుండెను. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య మొదలగువారి కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమై సంఘముగా ఏర్పడిరి. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసెను. పల్లెలలో ఎవరి ఇంటి వసారాలోనో, సత్రపు గదిలోనో ఒక పెట్టెడు పుస్తకములతో మొదలైన గ్రంథాలయములే తరువాతి కాలమున పెద్దవయ్యెను. ఇప్పుడు ఊరూర కనబడు గ్రంథాలయములకు మూలపురుషులు, మూలస్త్రీలు వీరే.

రచనలు, స్నేహములు

చదువు ముదిరినకొలది వ్రాయవలెనను కోరిక కలుగుట సహజము. కనకమ్మగారు పద్యములు, వ్యాసములు వ్రాసి పత్రికలకు పంపసాగిరి. ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మగారు ఆమెకు సాహిత్యమునను సంఘసేవయందును ఆప్తురాలై నిలిచిరి. పుట్టినిల్లు వేరైనను, కులము వేరైనను, పుస్తకము వారిని అక్కచెల్లెండ్రను చేసెను.

ఆనాటి స్త్రీల పత్రికలు చేసిన మేలు ఇచ్చట చెప్పకుండరాదు. 1902లో హిందూసుందరి వెలువడెను. 1928లో ఒంగోలు సీమకు చెందిన డాక్టరు కె. ఎన్. కేసరిగారు చెన్నపట్టణమునుండి గృహలక్ష్మిని ప్రకటింపసాగిరి. తపాలాలో నెలకొక సంచిక ఇంటికి వచ్చెడిది. మధ్యాహ్నము వంటపనులు ముగిసిన పిమ్మట చదువు వచ్చిన ఒక స్త్రీ చదువగా, ఇరుగుపొరుగువారు చుట్టుచేరి వినెడివారు. బడికి పోలేని స్త్రీలకు ఆ పత్రికలే బడి. తల్లి చదువుచుండగా చూచిన బిడ్డకు పుస్తకమనగా ఏమో వేరే చెప్పవలసిన పనియుండెడిది కాదు.

ఆశ్రమము, కారాగారము, విద్యాలయము

గాంధీమహాత్ముని ఉద్యమము ఆమె జీవితమునకు నిండుదనమును తెచ్చెను. నెల్లూరికి చేరువనున్న పల్లెపాడులో, పెన్నానది ఒడ్డున దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్యగార్లు పినాకినీ సత్యాగ్రహాశ్రమమును సంకల్పించిరి. దానికి కావలసిన భూమిని సమకూర్చుటలో కనకమ్మగారు ముందునిలిచిరి. 1921 ఏప్రిల్ 7వ తేదీన మహాత్ముడు స్వయముగా వచ్చి ఆశ్రమమును ప్రారంభించెను. ఖద్దరు ప్రచారము, మద్యనిషేధము, అస్పృశ్యతా నివారణము మొదలగు కార్యక్రమములలో ఆమె ముమ్మరముగా పాల్గొనిరి. ఉప్పుసత్యాగ్రహ కాలమున అరెస్టయి రాయవెల్లూరు కారాగారమున శిక్ష అనుభవించిరి. రైతుల కష్టసుఖములను వినిపించు జమీన్‌రైతు పత్రికకు తొలినాళ్లలో ఆమె అండ లభించెను.

ఆమె పేరు చెప్పగనే నెల్లూరివారికి మొదట స్ఫురించునది కస్తూరిదేవి విద్యాలయము. బాలికలకై ఆమె ఆ విద్యాలయమును 1923లో స్థాపించిరి. దానికి కస్తూరిబాయి పేరు పెట్టిరి. 1929లో గాంధీమహాత్ముడు నెల్లూరికి వచ్చినప్పుడు దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. తాను కాలిడని పాఠశాలను వందలాది బాలికలకు కట్టి ఇచ్చుట ఎంత గొప్పవిషయము! తన బాల్యమున లేనిదానికై ఆమె వగచుచు కూర్చుండలేదు. అది ఇతరుల బాల్యమున ఉండునట్లు చేసిరి. ఇందులకై ధనమును ధారపోసిరి; మాటలు పడిరి; ఇంటింటికి తిరిగి చందాలు అడిగిరి. కలవారి ఇంటి కోడలు జోలె పట్టుట చూచి నవ్వినవారుండవచ్చును. ఆ నవ్విన ఇండ్ల ఆడపిల్లలే తరువాత పలకలు పట్టుకొని చదువులకు పోయిరి.

దుఃఖము, చివరి దినములు

ఇంతటి కర్మయోగినికి విధి కఠినమైన పరీక్ష పెట్టెను. ఏకైక పుత్రిక వెంకటసుబ్బమ్మగారు యౌవనముననే మరణించిరి. ఎందరి బిడ్డలకో చదువు చెప్పించిన తల్లికి తన బిడ్డ దక్కకపోయెను. ఆ దుఃఖమున ఆమె అరుణాచలమున రమణమహర్షి సన్నిధిని ఆశ్రయించి ఊరట పొందిరి. ఆధ్యాత్మిక గ్రంథపఠనమున కాలము గడపిరి. బాల్యమున ఆనందమునకై పట్టిన పుస్తకమే కష్టకాలమున ఆమె చేయి విడువలేదు. పఠనాభ్యాసము బిడ్డలకు ఏల కావలెనని అడుగువారికి ఇది యొక సమాధానము. పరీక్షలకై చదివిన చదువు పరీక్షతో ముగియును. ఇష్టముతో చదివిన చదువు మనిషి ఒంటరియైన దినమున తోడై వచ్చును.

కనకమ్మగారు 1963 సెప్టెంబరు 15వ తేదీన పరమపదించిరి. ఆమె తన జీవితకథను తన చేతితో వ్రాసియుంచిరి. అది కనకపుష్యరాగమను పేరుతో 2011లో, అనగా ఆమె గతించిన 48 ఏండ్లకు గ్రంథరూపమున వెలువడెను. ఇట్టిదే మరొక విశేషమును నెల్లూరు సీమ ఎరుగును. 1839లో మరణించిన వెన్నెలకంటి సుబ్బారావు ఇంగ్లీషున వ్రాసికొన్న స్వీయచరిత్రను 34 ఏండ్ల తరువాత, 1873లో, ఆయన కుమారుడు బంధుమిత్రుల కొరకు అచ్చువేయించెను. పిల్లలకు అర్థమగు చదువు కావలెనన్న పురుషుడొకడు, బాలికలకు చదువు కావలెనన్న స్త్రీ ఒకరు. ఇరువురి వ్రాతలును భద్రపరచినవారుండుటచేతనే ఈనాడు చదువ వీలగుచున్నవి. ఇంటి పెట్టెలలో మూలుగుచున్న పాత కాగితములను పారవేయుటకు ముందు ఒకమారు విప్పి చూడవలెననుటకు ఈ రెండును సాక్ష్యములు.

గృహములకు ఒక పాఠము

కనకమ్మగారి కాలమునకును నేటికిని ఎంతో భేదము కలదు. బడి లేని ఊరు అరుదు. ఆడపిల్ల బడికి పోవుట వింత గాదు. పుస్తకములు రంగురంగుల బొమ్మలతో వచ్చుచున్నవి. అయినను బడికి పోవు బిడ్డలందరు చదువరులగుచున్నారా యన్నచో అవునని చెప్పుట కష్టము. పాఠము చదివి ప్రశ్నలకు జవాబులు వ్రాయగల పిల్లవాడు కథాపుస్తకమిచ్చినచో ప్రక్కన పెట్టి సెల్‌ఫోను అందుకొనుచున్నాడు. తప్పు పిల్లవానిది కాదు. పుస్తకమునందు సుఖమున్నదని అతనికి చూపినవారు ఇంటిలో లేరు.

ఆ చూపుట కష్టమైన పని గాదు. ధనముతో పనియు లేదు. మొదటిది, బిడ్డకు అక్షరము రాకముందే కథ చెప్పవలెను. అవ్వ చెప్పు కాకి కథయైనను చాలును. కథ వినిన చెవి కథ చదువు కంటిని వెదకుకొనును. రెండవది, ప్రతిదినము కొంతసేపు, రాత్రి భోజనమైన పిదప పావుగంటయైనను, పెద్దలు బిగ్గరగా చదివి వినిపింపవలెను. వ్రేలు మాటవెంట నడపుచు చదివినచో, వినిన మాటకును కనబడు అక్షరమునకును గల సంబంధము బిడ్డకు తనంతట తెలియును. మూడవది, బిడ్డ చదువునప్పుడు తడబడిన ప్రతిచోట అడ్డుతగిలి దిద్దరాదు. వాక్యము ముగియనిచ్చి, తెలియని మాట చెప్పి, మరల కథలోనికి పంపవలెను. అడుగడుగున తప్పుపట్టిన చోట నడక రాదు.

నాలుగవది మిక్కిలి ముఖ్యము. చదివిన పిమ్మట కథను తన మాటలలో చెప్పుమని బిడ్డను అడుగవలెను. అర్థమెరుగక వల్లించు చదువునకు ఇంతకంటె మందు లేదు. చెప్పలేకపోయినచో కోపింపక, ఇద్దరు కలిసి మరల చదువవలెను. అయిదవది, చదువును శిక్షగా చేయరాదు. అల్లరి చేసినందులకు మూల కూర్చుండి చదువుమని ఆజ్ఞాపించినచో బిడ్డ మనసున పుస్తకమునకును శిక్షకును ముడిపడును. పిల్లవాడు తనకు నచ్చిన పుస్తకము తానే ఎంచుకొనవలెను. అది తేలికయైనదని, బొమ్మలదని పెద్దలు చిన్నచూపు చూడరాదు. 1947 జూలైలో మొదలైన చందమామ దశాబ్దములపాటు తెలుగు ఇండ్లలో పిల్లలను చదువరులను చేసెను. ఆ పత్రిక ఆగిపోయినను, తాతయు మనుమడును దానికై పోటీపడిన ఇండ్ల జ్ఞాపకము ఇంకను మిగిలియున్నది. పెద్దలు ఇష్టపడి చదివినదానినే పిల్లలు ఇష్టపడుదురనుటకు అంతకు మించిన నిదర్శనమేల?

తమకే చదువు రాదు, బిడ్డలకేమి నేర్పగలమని దిగులుపడు తల్లిదండ్రులు పల్లెలలో కలరు. వారికి దిగులవసరము లేదు. చదువురాని తల్లి బిడ్డను పిలిచి, పుస్తకములోని కథ తనకు చదివి వినిపింపుమని అడిగినచో చాలును. అవ్వకు ఉత్తరము చదివి చెప్పుట, తాతకు దినపత్రిక వినిపించుట, అంగడి చీటీ వ్రాయుట, ఊరి నోటీసు చదివి ఇంటికి వార్త తెచ్చుట వంటి చిన్నపనులు అప్పగించినచో తన చదువు ఇంటికి అక్కరకు వచ్చుచున్నదని బిడ్డకు గర్వము కలుగును. వినువారుండుటయే చదువువానికి పెద్ద బలము. అక్షరమెరుగని అవ్వయైనను ఆసక్తితో వినినచో గొప్ప ఉపాధ్యాయినియే యగును. ఆడపిల్ల చదువుచుండగా పనికి పిలిచి, మగపిల్లవాడు ఆడుచున్నను పిలువని ఇండ్లు ఇంకను కలవు. కనకమ్మగారి పేరు తలచుకొను సీమలో ఆ భేదము నిలువదగదు.

గ్రంథాలయమునకును ఇందులో పాత్ర కలదు. బిడ్డ పేర చందాపత్రము వ్రాయించి, పుస్తకమును బిడ్డ చేతికే ఇచ్చి, ఇంటికి తీసికొనిపోనిచ్చుట అవసరము. మురికిచేయునని, చించునని బీరువాకు తాళము వేసియుంచిన పుస్తకము చెదలపాలగును. నలిగిన పుస్తకము చదువబడిన పుస్తకము. సాయంకాలము ఒక గంట పిల్లలకై కేటాయించి, ఊరిలోని పెద్దలొకరు కథ చదివి వినిపించు ఏర్పాటు చేసినచో, ఇంటిలో చదువు వినిపించువారు లేని బిడ్డలకు ఆ లోటు తీరును.

పొట్లపూడిలో ఒక యువతి ఊరివారికి పుస్తకములు సమకూర్చిన నాటినుండి నూరేండ్లు దాటినవి. ఆమె కోరినది పెద్ద భవనములనుగాదు, చదువరులుగల ఇండ్లను. రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయము తన బీరువాలలోని గ్రంథములను లెక్కించుకొనుటతోపాటు, ప్రతి సాయంకాలము ఎన్ని ఇండ్లలో ఒక బిడ్డ చదువుచుండగా పెద్దలు వినుచున్నారో అదియు లెక్కించుకొనుట మేలు. ఆ సంఖ్య ఏటేట పెరిగినచో కనకమ్మగారి ఋణము కొంతయైనను తీరినట్లగును.